కల్లు మానిన మూడో నాడే అసలు గండం

తాగుడు మాన్పించే వైద్యంలో మెట్లున్నవి. ఎవరికి ఏ మెట్టో తెలుసుకోవాలి

(మా గ్రామీణ విలేకరి)

మహబూబ్‌నగర్: అది 2020 మార్చి నెల. కరోనా లాక్‌డౌన్ వచ్చి కల్లు దుకాణాలకు తాళాలు పడి అప్పటికి మూడు రోజులు. ఈ విలేకరి మేనమామ తన ఇంటి అరుగు మీద కూర్చుని ఒంటి మీద లేని చీమలను ఏరి కింద పారవేస్తున్నాడు. చేతులు వణుకుతున్నవి. చొక్కా చెమటతో తడిసి ముద్దయింది. ఎవరు పలకరించినా గుర్తుపట్టడం లేదు.

"ఏం గాలి సోకిందో బిడ్డా, నిన్న పొద్దూకినప్పటి సంది గిట్లనే జేస్తుండు. చీమలు చీమలు అంటుండు. నాకైతే ఒక్కటి గూడ కండ్ల వడ్తలేదు" అని అత్తమ్మ కొంగుతో కళ్లు తుడుచుకున్నది.

చుట్టుపక్కల వారు తలా ఒక మాట అన్నారు. ఒకరు నిమ్మకాయ తిప్పి పోశారు. ఊరి వైద్యుడు వచ్చి "నీరసం" అని గ్లూకోజు సీసా ఎక్కించి పోయాడు. ఆ రాత్రి మామకు ఫిట్సు వచ్చినవి. నోటి నుండి నురుగు వచ్చింది. 108 బండిలో జిల్లా దవాఖానకు తీసుకపోతే అక్కడి డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న: "ఏం తాగుతాడు? ఎప్పుడు మానిండు?"

అప్పటి దాకా ఇంట్లో ఎవ్వరికీ తట్టని సంగతి అది. మామకు గాలి సోకలేదు, నీరసమూ కాదు. ఇరవై ఏళ్లుగా రోజూ తాగిన కల్లు ఒక్కసారిగా ఆగిపోయింది. అదే జబ్బు. ఆ రోజుల్లో హైదరాబాదు ఎర్రగడ్డలోని మానసిక వైద్యశాలకు ఇదే తీరు రోగులు గుంపులుగా వచ్చిన సంగతి పత్రికలలో చదివినవారికి జ్ఞాపకం వుండవచ్చు.

ఇది మొదటిసారి కాదు

కల్తీ కల్లు మీద దాడులు జరిగి సరఫరా ఆగిపోయిన 2015 సెప్టెంబరులో నిజామాబాదు ప్రాంతంలో ఇదే దృశ్యం కనిపించింది. వందలాది మంది వణుకుతో, పిచ్చి మాటలతో, ఫిట్సుతో దవాఖానల్లో చేరారు. 2023 ఏప్రిల్‌లో మహబూబ్‌నగర్ జనరల్ ఆసుపత్రికి కల్తీ కల్లు బాధితులు వచ్చారు. 2025 జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి పలువురు ప్రాణాలు కోల్పోయారు. ఒకచోట ఎక్కువై చచ్చారు, ఒకచోట లేకపోయి దవాఖాన పాలయ్యారు. రెండింటికీ మూలం ఒక్కటే.

చెట్టు మీది నుండి అప్పుడే దింపిన తాటికల్లు, ఈతకల్లు వేరు. అందులో మత్తు స్వల్పం. చెట్లు తగ్గి, తాగేవారు పెరిగిన చోట నీళ్లు, చక్కెర, శాకరిన్ కలిపి, మత్తు కోసం మందు వేసి సీసాల్లో నింపి అమ్మేది వేరు. దీనినే జనం "మందు కల్లు" అంటున్నారు. వెనుకట క్లోరల్ హైడ్రేట్ కలిపేవారు. తర్వాత డైజీపాం వచ్చింది. ఇప్పుడు ఎక్కువగా వినబడుతున్నది ఆల్ప్రజోలం. డైజీపాం, ఆల్ప్రజోలం రెండూ డాక్టరు చీటీ మీద మాత్రమే అమ్మవలసిన మందులు. 1985 నాటి మత్తుమందుల చట్టం కిందికి వస్తవి. ప్రాణాన్ని పణం పెట్టి మోకు ముత్తాదుతో చెట్టెక్కే గీత కార్మికుని కష్టానికీ ఈ వ్యాపారానికీ సంబంధం లేదని కూడా చెప్పుకోవాలి.

మానితే ప్రమాదమెందుకు?

రోజూ మత్తు పడే ఒళ్లు ఆ మత్తును తట్టుకోవడానికి మెదడును అదనపు వేగంతో నడుపుకుంటుంది. ఎడ్లబండి దిగుడు బాటలో పోతున్నప్పుడు వెనుక నుండి తాడు పట్టి లాగుతున్నట్టన్న మాట. తాడు ఒక్కసారి వదిలితే బండి ఎక్కడికి పోతుందో చెప్పలేము.

సారా, విస్కీ, బ్రాందీ అలవాటున్న వారికి మానిన మొదటి రోజే వణుకు, చెమట, వాంతులు, నిద్ర పట్టకపోవడం మొదలవుతవి. రెండు రోజుల లోపల ఫిట్సు రావచ్చు. రెండు నుండి నాలుగు రోజుల మధ్య కొందరికి మతి తప్పుతుంది. లేనివి కనబడతవి, లేని మాటలు వినబడతవి, జ్వరం వస్తుంది, గుండె దడ హెచ్చుతుంది. వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు. మందు కల్లు తాగేవారికి ఇదే వరుస ఇంకొంత ఆలస్యంగా నడుస్తుంది. కలిపిన మందును బట్టి వారం దాకా, ఆ తర్వాత కూడా ఫిట్సు భయం వుంటుంది. సీసాలో ఏ మందు ఎంత పడిందో తాగేవానికీ తెలియదు, అమ్మేవానికీ లెక్క వుండదు. అందుచేత దీనిని మాన్పించడం మామూలు సారా మాన్పించడం కన్నా చిక్కైన పని.

పాలమూరు నుండి ముంబయి, పుణె వలస పోయే కూలీలకు ఇది ముఖ్యం. ఊళ్లో రోజూ తాగే మనిషి బస్సెక్కి పరదేశం పోయిన మూడో రోజున అక్కడ కల్లు దొరకక పడిపోతే, పక్కవారికి కారణం తెలియదు. మేస్త్రీకీ తెలియదు. ఏం తాగేవాడో చెప్పగల మనిషి ఒకడైనా వెంట వుండాలి.

ముందుగా నాలుగు ప్రశ్నలు

మానాలనుకున్నవారు, మాన్పించాలనుకున్న ఇంటివారు ముందుగా ఈ నాలుగు ప్రశ్నలు వేసుకోవాలి.

ఒకటి: పొద్దున లేవగానే చేతులు వణికి, తాగితే తప్ప వణుకు తగ్గని పరిస్థితి వున్నదా?

రెండు: ఇంతకు ముందు ఎప్పుడైనా మానినప్పుడు ఫిట్సు వచ్చినవా, మతి తప్పినదా?

మూడు: కామెర్లు, నెత్తురు వాంతులు, గుండె జబ్బు, క్షయ, షుగరు వంటి వేరే రోగం వున్నదా? వయసు పైబడినదా? గర్భిణియా? చచ్చిపోతానన్న మాటలు మాట్లాడుతున్నాడా?

నాలుగు: ఇంట్లో తాగని మనిషి, రాత్రింబవళ్లు కనిపెట్టి వుండగలిగినవారు ఒకరున్నారా? దవాఖాన ఎంత దూరం?

ఈ ప్రశ్నల జవాబులను బట్టే ఏ వైద్యం తగునో తేలుతుంది. ఎంత డబ్బున్నది, ఎవరి కేంద్రానికి ఎంత పేరున్నది అనేవి ఆ తర్వాతి సంగతులు.

మొదటి మెట్టు: మాటతో వైద్యం

అంగడి నాడో, పండుగకో తాగి, మానిన రోజున ఏ బాధా లేనివారికి దవాఖానలో చేరే పని లేదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరుతో పది నిమిషాలు మాట్లాడి, ఎంత తాగుతున్నామో నిజం చెప్పి, తగ్గించుకునే దారి తెలుసుకుంటే చాలామందికి సరిపోతుంది. ఫోన్‌లో మాట్లాడదలచినవారికి కేంద్ర ప్రభుత్వపు మత్తు విముక్తి నంబరు 14446 వున్నది. మానసిక ఆరోగ్య సలహా కోసం 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలిమానస్ నంబరు 14416. అందులో తెలుగులో మాట్లాడవచ్చు. రెండింటికీ పైసా ఖర్చు లేదు.

రెండో మెట్టు: ఇంట్లో వుండి మందులు

రోజూ తాగుతాడు గాని ఇంతకు ముందు ఫిట్సు రాలేదు, వేరే పెద్ద జబ్బు లేదు, కనిపెట్టి చూసుకునే మనిషి వున్నారు, దవాఖాన దగ్గరే. ఇటువంటివారు ఓ.పి.లో చూపించుకుని ఇంటి వద్ద వుండి మందులు వాడవచ్చు. మత్తు వదిలేటప్పటి బాధ తగ్గించే మాత్రలను డాక్టరు లెక్క ప్రకారం ఇచ్చి, రోజు రోజుకూ తగ్గిస్తాడు. దానితో పాటు బి-1 విటమిన్ ఇస్తాడు. మొదటి వారం తరచుగా పోయి చూపించుకోవాలి. మాత్రలు తాగే మనిషి చేతిలో కాక ఇంటివారి దగ్గర వుండాలి.

ఒక హెచ్చరిక ఇక్కడ తప్పనిసరి. ఆ మాత్రలు మింగి పైన కల్లు గాని సారా గాని తాగితే ఊపిరి ఆగిపోయే ప్రమాదమున్నది. తాగినట్లయితే ఆ పూట మాత్ర వేయకుండా డాక్టరుకు చెప్పాలి.

మూడో మెట్టు: దవాఖానలో చేరిక

పైన చెప్పిన రెండో ప్రశ్నకు గాని మూడో ప్రశ్నకు గాని "ఔను" అన్నవారు, రోజూ పలు సీసాల మందు కల్లు తాగేవారు, ఇంట్లో చూసే దిక్కు లేనివారు దవాఖానలో చేరే మానాలి. ఇది భయపెట్టడానికి చెబుతున్న మాట కాదు. సాధారణంగా వారం, పది రోజుల పని. మందు కల్లు వారికి ఆ తర్వాత ఇంటి వద్ద మరికొన్ని వారాలు మాత్రలు తగ్గిస్తూ పోవలసి వుంటుంది.

ఇదివరకు దీనికి హైదరాబాదు పోవలసిందే అనుకునేవారు. ఇప్పుడు మహబూబ్‌నగర్‌లో 2016 నుండి, నల్లగొండ, సూర్యాపేటలలో 2019 నుండి, నాగర్‌కర్నూల్, వనపర్తిలలో 2022 నుండి ప్రభుత్వ వైద్య కళాశాలలు నడుస్తున్నవి. వాటి అనుబంధ ఆసుపత్రులలో మానసిక వైద్య విభాగం వుంటుంది. చీటీ రాయించేటప్పుడు "తాగుడు మానడానికి" అని సిగ్గుపడకుండా చెప్పాలి. కడుపు నొప్పి అని చెప్పి వేరే వార్డులో చేరితే మూడో రోజున డాక్టర్లకే అంతుపట్టదు.

నాలుగో మెట్టు: పునరావాస కేంద్రం

ఒళ్లు కుదుటపడినా మనసు కుదుటపడదు. రెండు మూడుసార్లు మాని మళ్లీ మొదలుపెట్టినవారు, ఇంటి గడప దాటితే దుకాణం ఎదురయ్యేవారు, పని చేసే జట్టంతా తాగేవారైనవారు కొన్ని వారాలో, నెలలో పునరావాస కేంద్రంలో వుండటం మంచిది. కేంద్ర సామాజిక న్యాయ శాఖ నిధులతో స్వచ్ఛంద సంస్థలు నడిపే కేంద్రాలున్నవి. దగ్గరలో ఏది వున్నదో 14446కు ఫోన్ చేసి అడగవచ్చు.

ప్రైవేటు కేంద్రంలో చేర్చేముందు మూడు సంగతులు చూడాలి. రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ వద్ద నమోదు పత్రం వున్నదా? డాక్టరు రోజూ వచ్చి చూస్తాడా? ఇంటివారిని కలవనిస్తారా? కలవనివ్వము, నెలల డబ్బు ముందే కట్టండి అనే చోట చేర్చకుండా వుండటమే మేలు. 2017 నాటి మానసిక ఆరోగ్య రక్షణ చట్టం ప్రకారం రోగిని గొలుసులతో కట్టివేయడం నేరం. కొట్టి మాన్పించేది వైద్యం కాదు.

ఈ నాలుగు మెట్లలో పై మెట్టు గొప్పది, కింది మెట్టు తక్కువది అని లేదు. ఓ.పి.తో మొదలుపెట్టి ఆగకపోతే చేరవచ్చు. చేరి కోలుకుని ఓ.పి.కి రావచ్చు. ఎక్కువ డబ్బు తీసుకునే చోటే మంచి వైద్యం దొరుకుతుందన్న భ్రమతో భూమి అమ్ముకోవలసిన పని లేదు.

చేయరాని పనులు

గదిలో వేసి గొళ్లెం పెట్టడం, మంచానికి కట్టివేయడం మన ఊళ్లలో మామూలు. లోపల ఫిట్సు వస్తే చూసేవారుండరు.

ఒట్టు పెట్టించి ఆ పూటే ఒక్కసారిగా మాన్పించవద్దు. ఒట్టు మంచిదే, కాని ముందు డాక్టరు, తర్వాత ఒట్టు. రోజూ మందు కల్లు తాగే మనిషి డాక్టరును చూసేదాకా అలవాటును ఒక్కసారిగా తెంచరాదు. ఇది తాగమని చెప్పే మాట కాదు. రేపటికే దవాఖానకు పొమ్మని చెప్పే మాట.

తెలియకుండా కూరలో కలిపి పెట్టే పొడులను నమ్మవద్దు. తాగితే వాంతులయ్యేటట్టు చేసే డైసల్ఫిరాం అనే మందు నిజంగానే వున్నది. కాని అది రోగికి చెప్పి, ఒప్పించి, గుండె, కాలేయం పరీక్షించి ఇవ్వవలసినది. అది మింగిన సంగతి తెలియక తాగిన మనిషి రక్తపోటు పడిపోయి చనిపోవచ్చు.

బి-1 విటమిన్ ఇవ్వకుండా వట్టి గ్లూకోజు ఎక్కించడం తాగుబోతుల మెదడుకు చేటు చేయవచ్చు. మా మామకు ఆ నాడు జరిగింది ఇదే. ఊరి వైద్యులు ఈ ఒక్క సంగతి తెలుసుకున్నా చాలు.

ఫిట్సు వచ్చినప్పుడు చేతిలో తాళపు చెవులు పెట్టడం, నోట్లో చెంచా దూర్చడం, నీళ్లు పోయడం తగదు. పక్కకు ఒత్తిగిల్లబెట్టి, చుట్టూ గట్టి వస్తువులు తీసివేసి, 108కి ఫోన్ చేయాలి.

దుకాణం మూయించడం ఒక్కటే చాలదు

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవారు మొదలుపెట్టిన సారా వ్యతిరేక ఉద్యమం రాష్ట్రమంతా వ్యాపించి 1993 అక్టోబరులో సారా నిషేధం తెచ్చింది. 1995లో సంపూర్ణ మద్య నిషేధం కూడా వచ్చింది, 1997లో సడలిపోయింది. ఇప్పటికీ మన పల్లెల్లో ఆడవారు బెల్టు షాపులు మూయించాలని తీర్మానాలు చేయిస్తున్నారు. మంచి పని. కాని దుకాణం మూయించడం ఒక పని, దానికి అలవాటుపడిన వాని ప్రాణం నిలపడం ఇంకొక పని. తీర్మానం చేసే పంచాయతీ, దాడి చేసే ఎక్సైజు శాఖ ఆ ప్రాంతపు దవాఖానకు ముందుగా తెలియజేస్తే మందులు, మంచాలు సిద్ధంగా వుంటవి.

ఇది జరగని పని కాదు. శాంతి రంగనాథన్ 1980లో చెన్నైలో మొదలుపెట్టిన టి.టి.కె. ఆసుపత్రి వారు 1989లో తమిళనాడులోని మంజక్కుడి అనే పల్లెకే పోయి మద్యం మాన్పించే శిబిరం పెట్టారు. రోగులను నగరానికి పిలువలేదు, వైద్యమే ఊరికి వచ్చింది. మన బడులకు సెలవులున్నప్పుడు, మన వైద్య కళాశాలల డాక్టర్లతో, ఒక్కో మండలంలో అటువంటి శిబిరం పెట్టే ఆలోచన జిల్లా అధికారులు చేయాలి.

ఢిల్లీలోని ఎయిమ్స్ వారు దేశమంతా సర్వే చేసి 2019లో ప్రకటించిన నివేదిక ప్రకారం మద్యానికి బానిసలైన ప్రతి 38 మందిలో ఒక్కరికి మాత్రమే ఏదో ఒక చికిత్స అందింది. దవాఖానలో చేరి వైద్యం పొందినవారు 180 మందిలో ఒక్కరు. మిగతావారు మన ఇండ్లలో, మన అరుగుల మీదనే వున్నారు.

మళ్లీ తాగితే?

మా మామ తొమ్మిది రోజులకు ఇంటికి వచ్చాడు. నెలకోసారి ఓ.పి.కి పోయి మాత్రలు తెచ్చుకున్నాడు. ఆరు నెలల తర్వాత దసరా నాడు చుట్టాల ఇంట తాగాడు. నాలుగు రోజులు వరసగా తాగాడు. ఇంటివారంతా "ఇగ మారడు" అని చేతులెత్తేశారు. అత్తమ్మ మాత్రం ఆయనను వెంటబెట్టుకుని మళ్లీ దవాఖాన మెట్లెక్కింది. డాక్టరు కోప్పడలేదు. షుగరు రోగికి షుగరు పెరిగితే తిట్టి పంపిస్తామా, ఇదీ అంతే అన్నాడట. మళ్లీ తాగడమంటే వైద్యం ఓడిపోయినట్టు కాదు, మెట్టు మార్చాలన్న గుర్తు. ఈసారి నెల రోజులు కేంద్రంలో వుండి వచ్చాడు.

అప్పటి నుండి సాయంత్రం దుకాణం తెరిచే వేళకు ఆయనకు పని పెట్టడం ఇంట్లో అలవాటయింది. గొర్లకు మేత కోసుకురావడమో, మనుమరాలిని ట్యూషన్ నుండి తీసుకురావడమో. కూలి డబ్బులు అత్తమ్మ చేతికిస్తాడు. పెండ్లికి పోతే భోజనం కాగానే తిరిగి వస్తారు. పెద్ద ఉపాయాలేమీ కావు, కాని ఇవే నిలబెట్టినవి.

మా మామ యవ్వనంలో గీత పని చేసినవాడు. మొన్న ఈ వ్యాసం రాస్తున్నానని చెప్పి, చదివేవారికి ఏం చెప్పమంటావని అడిగితే కొంతసేపు ఊరకున్నాడు. తర్వాత ఇట్లా అన్నాడు:

"తాటిచెట్టెక్కినోడు దిగాల్నంటె దుంకడు గద అల్లుడా. మోకు ఆనిచ్చుకుంట ఒక్కొక్క అడుగు దిగుతడు. నన్ను ఆ పొద్దు దుంకిచ్చిండ్రు. గంతే."